దెబ్బతిన్న ఊపిరితిత్తికి పీప్ ఎంత, బోర్లా ఎప్పుడు

ఏఆర్‌డీఎస్‌తో (ఊపిరితిత్తులు వాచి నీరు నిండే తీవ్ర స్థితి) వెంటిలేటర్ మీదున్న పేషెంటు శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 84కి పడిపోగానే డ్యూటీలో ఉన్నవాళ్ల చెయ్యి ముందు ఎఫ్ఐఓటూ (ఇచ్చే గాలిలో ఆక్సిజన్ వంతు) మీదికే పోతుంది. ఆ క్షణానికి తప్పదు. కానీ నీరు నిండి మూసుకుపోయిన గాలిగదుల పక్కనుంచి పారే రక్తానికి నూరు శాతం ఇచ్చినా ఆక్సిజన్ అందదు. ఆ గదులు తెరుచుకోవాలి.

పీప్ అంటే ఊపిరి వదిలాక కూడా గాలిగదులు మూసుకుపోకుండా వెంటిలేటర్ నిలిపి ఉంచే ఒత్తిడి. దాన్ని ముట్టుకునే ముందు టేపు తెచ్చి పేషెంటు పొడవు కొలవండి. టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి ఇచ్చే గాలి) పొడవును బట్టి, బరువును బట్టి కాదు. మగవారికి 50, ఆడవారికి 45.5 తీసుకుని, పొడవు 152.4 సెంటీమీటర్లకు పైన ఎంతుంటే దాన్ని 0.91తో హెచ్చించి కలపాలి. 165 సెంటీమీటర్ల మగమనిషికి పొడవును బట్టి అంచనా బరువు 61.5 కిలోలు వస్తుంది. కిలోకు 6 ఎంఎల్ చొప్పున దాదాపు 370 ఎంఎల్. అతని అసలు బరువు 85 అని 510 పెట్టారా, మిగిలిన కాస్త మంచి ఊపిరితిత్తీ చిరుగుతుంది. ఒళ్లు పెరిగితే ఊపిరితిత్తి పెరగదు.

ఇక పీప్. పేషెంటు సొంతంగా ఊపిరి లాగకుండా ఉన్నప్పుడు ఇన్‌స్పిరేటరీ హోల్డ్ (ఊపిరి లోపలికి వెళ్లాక కాసేపు ఆపే బటన్) నొక్కి ప్లాటో, అంటే ఆ ఆగినప్పటి ఒత్తిడి, చూడండి, అది 30 దాటకూడదు (ఈ ఒత్తిళ్లన్నీ సెంటీమీటర్ల నీటి లెక్కలో). ప్లాటోలోంచి పీప్ తీసేస్తే వచ్చేది డ్రైవింగ్ ప్రెషర్, ఒక్కో ఊపిరికి ఊపిరితిత్తి మీద పడే ఒత్తిడి. అది 15 లోపు ఉంటే మేలు. ఉదాహరణకు పీప్ 8, ప్లాటో 24 అంటే డ్రైవింగ్ 16. పీప్ 12 చేస్తే ప్లాటో 26 అయింది, డ్రైవింగ్ 14కి దిగింది: మూసుకున్న గదులు తెరుచుకున్నాయి. అక్కడితో ఆగక 16 చేస్తే ప్లాటో 34, డ్రైవింగ్ 18, పైగా బీపీ జారింది. తెరుచుకోవాల్సినవి అయిపోయాయి, ఇప్పుడు బాగున్నవే ఉబ్బిపోతున్నాయి, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గింది. వెంటనే 12కి వెనక్కి రండి. శాచురేషన్ రెండు అంకెలు పెరిగిందని 16 దగ్గరే ఉండిపోవడం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. 88 నుంచి 95 మధ్య ఉంటే చాలు, 99 కోసం పాకులాడొద్దు.

ఎఫ్ఐఓటూ 0.6 లేదా అంతకు పైన, పీప్ కనీసం 5 ఉండి కూడా పీఎఫ్ నిష్పత్తి (ధమని రక్తంలోని ఆక్సిజన్ ఒత్తిడిని ఎఫ్ఐఓటూతో భాగిస్తే వచ్చేది) 150 లోపే ఉంటే బోర్లా తిప్పండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది కదా, లెక్క సవరించాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు, ఏఆర్‌డీఎస్‌ను నిర్ధారించే బెర్లిన్ నిర్వచనం ప్రకారం ఆ సవరణ 1000 మీటర్లు దాటిన ఊళ్లకే.

వెల్లకిలా ఉన్నప్పుడు గుండె బరువు, పొట్ట తోపు వీపు వైపు ఊపిరితిత్తిని నొక్కేస్తాయి. ఎక్కువ కణజాలం ఉన్నదీ అక్కడే. బోర్లా తిప్పితే ఆ భాగం తెరుచుకుంటుంది, రక్తం మాత్రం చాలావరకు అటే పారుతూ ఉంటుంది. గాలీ రక్తమూ ఒకచోట కలుస్తాయి. బోర్లా ఉంచడాన్ని పరీక్షించిన 2013 నాటి ప్రోసెవా ట్రయల్‌లో కనీసం 16 గంటల చొప్పున బోర్లా ఉంచితే 28 రోజుల మరణాలు 32.8 శాతం నుంచి 16కి తగ్గాయి. రెండు గంటలు తిప్పి "రెస్పాన్స్ లేదు" అని రాసేయకండి.

వెన్నెముక విరిగి కదిలే స్థితిలో ఉంటే, తలలో ఒత్తిడి పెరిగి ఉంటే, బీపీ అసలే నిలవకపోతే తిప్పొద్దు.

తిప్పడానికి ఐదుగురు కావాలి. తల దగ్గర నిలబడ్డ మనిషి ట్యూబు వదలకూడదు, లెక్క చెప్పేదీ ఆ మనిషే. గంట ముందు ఫీడ్ ఆపి పొట్ట ఖాళీ చేయండి. సక్షన్ చేసి, ట్యూబు పళ్ల దగ్గర ఎంత మార్కులో ఉందో రాసుకోండి, కళ్లకు ఆయింట్‌మెంట్ పెట్టి మూయండి, ఎఫ్ఐఓటూ 1.0 చేయండి. వెంటిలేటర్‌కు దూరంగా మంచం అంచుకు జరిపి, ముఖం వెంటిలేటర్ వైపు వచ్చేలా పక్కకు, ఆపై బోర్లాకు తిప్పాలి. ఛాతీ కింద, కటి కింద దిండ్లు, పొట్ట వేలాడాలి. ఈసీజీ లీడ్లు వీపు మీదికి. తిప్పగానే శాచురేషన్ పడితే ముందు ట్యూబు మెలిక పడిందా, జారిందా, కఫం అడ్డుపడిందా చూడండి.

రెండు నుంచి నాలుగు గంటలకోసారి తల, చేతులు మార్చండి, లేకపోతే బుగ్గ, గడ్డం పుండ్లు పడతాయి. అటెండెంట్లకు తిప్పకముందే వాళ్లకు అర్థమయ్యే తెలుగులోనో ఉర్దూలోనో ముఖం వాస్తుందని చెప్పాలి. చెప్పకపోతే విజిటింగ్ అవర్‌లో గొడవే.

వెల్లకిలా తిప్పాక నాలుగు గంటలు గడిచినా పీప్ 10, ఎఫ్ఐఓటూ 0.6 మించకుండా పీఎఫ్ 150 లేదా అంతకు పైనే నిలిస్తే మళ్లీ బోర్లా అక్కర్లేదు.