ఖాళీ వాటర్ క్యాన్లు తిరిగి రావడం లేదా? సమస్య - కారణం - పరిష్కారం

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు వాటర్ ప్లాంట్ నడిపే మనవాళ్లను కదిలిస్తే నీళ్ల గురించి చెప్పేది తక్కువ, ఖాళీల గురించి చెప్పేదే ఎక్కువ. మోటారు చెడిపోతే మెకానిక్ వస్తాడు. క్యాన్ పోతే ఎవరిని పిలవాలి? 20 లీటర్ల క్యాన్లు, పెళ్లిళ్లకు పంపే కూల్ క్యాన్లు (నీళ్లు చల్లగా ఉంచేవి) రెండింటికీ కలిపి ఇది రాస్తున్నాను.

పొద్దున లోడుకు క్యాన్లు చాలడం లేదు

వెంటనే కొత్తవి కొనకండి. పోయాయా, ఎక్కడో ఆగిపోయాయా అన్నది ముందు తేల్చుకోండి. రోజుకు పంపే క్యాన్లను, ఒక క్యాన్ బయటికి వెళ్లి, తిరిగొచ్చి, కడిగి మళ్లీ నింపే దాకా పట్టే రోజులతో గుణించండి. రోజుకు 120 పంపుతూ, తిరిగి నింపడానికి నాలుగు రోజులు పడుతుంటే 480 తిరుగుడులో ఉన్నట్టు. మీరు కొన్నవి 700 అయితే మిగతా 220 ప్లాంట్లో కళ్లకు కనబడాలి. కనబడకపోతే పోయినట్టే. అదే ఆరు రోజులు పడుతుంటే 720 కావాలి. అప్పుడు ఒక్కటీ పోకుండానే 20 తక్కువ పడతాయి.

ఆ రోజులు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఒక రోజు పంపిన క్యాన్ల మెడకు ఎర్ర దారం కట్టి, ఏ రోజు ఎన్ని వెనక్కొచ్చాయో గోడ మీద గీతలు పెట్టండి.

ఆగిపోతున్నాయని తేలితే తప్పు కస్టమర్ మీద వేసే ముందు క్యాన్లు వేసే మన కుర్రాడికి జీతం ఎలా ఇస్తున్నామో చూడండి. నిండు క్యాన్‌కు మాత్రమే కమీషన్ ఉంటే, మూడో అంతస్తు నుంచి రెండు ఖాళీలు దింపుకురావడానికి వాడికేం పట్టింది? కమీషన్‌ను రెండు ముక్కలు చేయండి: సగం నిండుది ఇచ్చినందుకు, సగం ఖాళీ తెచ్చినందుకు. మీ ఖర్చు పెరగదు. నేను చూసినంతలో దీనంత త్వరగా పనిచేసే మార్పు మరొకటి లేదు.

పెళ్లి ఆర్డరు తర్వాత కూల్ క్యాన్లు తగ్గుతున్నాయి

నష్టంలో పెద్ద భాగం ఇక్కడే. కూల్ క్యాన్ ధర మామూలు క్యాన్ ధరకు రెండు మూడింతలు. ఇంట్లో చల్లనీళ్లకు బాగా పనికొస్తుంది, మూత ఉంది, కుళాయి ఉంది. ఎవరికైనా ముద్దొస్తుంది.

అలాగని అన్నీ దొంగతనాలు కావు. మంగళ కార్యాలయంలో క్యాన్లు దింపినప్పుడు లెక్క చూసుకునేది వంటవాళ్ల మేస్త్రీ. డబ్బులిచ్చేది పెళ్లికూతురి మేనమామ. మర్నాడు హాలు ఖాళీ చేయించేది వాచ్‌మన్. ముగ్గురిలో ఎవరినడిగినా "నాకేం తెలుసు భావూ" అంటారు. ఈలోగా నిజామాబాద్ నుంచి వచ్చిన మగపెళ్లివారు ఎండకు భయపడి దారిలో తాగడానికి నాలుగు క్యాన్లు బస్సులో వేసుకుని పోయుంటారు. వాళ్ల దృష్టిలో అది పెళ్లివారి సొత్తే.

ఏం చేయాలంటే: డిపాజిట్ వంట మేస్త్రీ దగ్గర కాదు, డబ్బులిచ్చే మనిషి దగ్గర తీసుకోండి. కూల్ క్యాన్‌కు పూర్తి ధర డిపాజిట్‌గా అడగడంలో మొహమాటం వద్దు. దింపిన చోటే క్యాన్లన్నీ వరసగా పెట్టించి ఫోటో తీసి, సంఖ్య రాసి ఆయన వాట్సాప్‌కే పంపండి. భోజనాల దగ్గరా, స్టేజీ పక్కనా, గదుల్లోనూ చెల్లాచెదురుగా పెట్టనివ్వకుండా రెండు చోట్లకే పరిమితం చేయించండి. ఖాళీలు మర్నాడు పొద్దున తెచ్చుకుందామనుకోవద్దు. చివరి బంతి లేస్తుండగానే బండి అక్కడ ఉండాలి. రాత్రి పదకొండుకు డ్రైవర్ గొణుగుతాడు, ఒక చాయ్ ఖర్చు, అంతే. ఇక బస్సులో నీళ్లు కావాలంటే అడగకముందే మామూలు క్యాన్లు నాలుగు విడిగా అమ్మేయండి, ధరలో క్యాన్ డబ్బు కూడా కలిపి. మగపెళ్లివారికి మర్యాద, మీకు లెక్క.

సంఖ్య సరిపోతోంది, కానీ వచ్చినవి మనవి కావు

అందరివీ అదే నీలం రంగు. కస్టమర్ ఇవాళ మీ దగ్గర, రేపు పక్క ప్లాంటువాళ్ల దగ్గర తీసుకుంటాడు. కుర్రాడు చేతికందింది ఎక్కించుకొస్తాడు. మీ కొత్తది వాళ్ల దగ్గరికి, వాళ్ల పాతది మీ దగ్గరికి చేరుతుంది.

కోపంతో వాళ్ల క్యాన్లు ఆపేస్తే వాళ్లూ ఆపుతారు. వారానికోసారి ఒక చోట కలిసి ఒకటికి ఒకటి మార్చుకుని, మిగిలిన తేడా ఇద్దరి నోటుపుస్తకాల్లో రాసుకోవడమే మార్గం. సాలూర వంతెన దాటి తెలంగాణలోని బోధన్‌కో, ఇటు బాసరకో చేరిన క్యాన్లకూ ఇదే పద్ధతి. ఖాళీలతో రాష్ట్రం దాటేటప్పుడు ఇవి అమ్మకం కాదు, వాపసు వస్తున్న ఖాళీలు అని సంఖ్యతో సహా డెలివరీ చలాన్ రాసి బండిలో ఉంచండి. దారిలో ఎవరైనా ఆపి అడిగితే నోటిమాట పనిచేయదు.

పేరు వేయడం గురించి: మార్కర్ నాలుగు కడుగులకు పోతుంది, స్టిక్కర్ ఊడుతుంది. ఎక్కువ సంఖ్యలో కొనేటప్పుడు అచ్చులోనే పేరు పొంగేలా వేయించడం మేలు. పేరు తెలుగులోనూ మరాఠీలోనూ ఉంటే ఇటువాళ్లూ అటువాళ్లూ చదువుతారు.

మెడ దగ్గర, అడుగున సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు

కింద పడేసినందుకు అనుకుంటాం. చాలాసార్లు కారణం థిన్నర్. పక్కవాళ్ల పేరు తుడవడానికో, పాత పెయింటు గీకడానికో థిన్నర్ గుడ్డతో రుద్దుతారు. గట్టి పారదర్శకమైన క్యాన్లు పాలికార్బొనేట్‌వి. థిన్నర్, పెట్రోల్, అసిటోన్ తగిలితే ఆ ప్లాస్టిక్ ఒత్తిడి ఉన్న చోట చీలుతుంది. ఆ రోజే కనబడదు, తర్వాత నిండు క్యాన్ ఎత్తినప్పుడు తెలుస్తుంది.

రెండో కారణం వేడి కాస్టిక్ సోడా నీళ్లు. క్షారం, వేడి కలిస్తే పాలికార్బొనేట్ దెబ్బతింటుంది, బిస్ఫినాల్-ఎ అనే రసాయనం నీళ్లలోకి దిగడమూ పెరుగుతుంది. గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు, మెత్తని బ్రష్, ఆ తర్వాత పలుచని హైపోక్లోరైట్ (క్లోరిన్ మందు) నీళ్లు, చివర మంచినీళ్లు చాలు. పల్చటి పెట్ (PET ప్లాస్టిక్) క్యాన్లయితే వేడికి వంకర పోతాయి, వాటికి చల్లనీళ్లే. పగులు కనబడిన క్యాన్‌ను అతికించి వాడొద్దు.

లోపల పచ్చదనం

ఎండ, అడుగున మిగిలిన నీళ్లు. ఖాళీలు నీడలో బోర్లించండి. ఇసుక, వడ్లపొట్టు వేసి ఊపి కడిగే అలవాటు మానండి. ఆ గీతల్లోనే పాచి మళ్లీ పడుతుంది.

క్యాన్ నుంచి వాసన వస్తోంది

కిరోసిన్, డీజిల్ వాసనైతే ఎంత కడిగినా నమ్మకం లేదు, పక్కన పెట్టేయండి. వానాకాలంలో వచ్చే ఘాటు వాసన మాత్రం ప్రమాదం. పత్తికీ సోయాకూ మందు కొట్టే రోజుల్లో చేలో నీళ్లు మోయడానికి మన క్యాన్లు పోతాయి, ఒక్కోసారి మందు కూడా అందులోనే కలుపుతారు. 2017లో పక్క జిల్లా యవత్మాళ్‌లో పత్తికి మందు కొడుతూ రైతులు, కూలీలు చనిపోయారు. అలాంటి మందు పోసిన క్యాన్‌లో మళ్లీ తాగే నీళ్లు నింపే మాటే ఉండకూడదు. కోసి పారేయాల్సిందే. డిపాజిట్ తిరిగివ్వకండి.

ముందే ఆపాలంటే ఖాళీ తీసుకునేటప్పుడే మూత తీసి వాసన చూడమని కుర్రాడికి నేర్పండి. ఇంకొకటి: పాతబడి పనికిరాని క్యాన్ల మెడ కోసేసి, బకెట్లుగా తుక్కు ధరకే రైతులకు ఇవ్వండి. మెడ లేనిది మళ్లీ ప్లాంటుకు రాదు, రైతు పనీ అవుతుంది, మంచి క్యాన్ జోలికి ఎవరూ రారు.

ఇల్లు మారేటప్పుడు డిపాజిట్ గొడవ

రసీదు లేకపోవడమే కారణం. వరస సంఖ్య ఉన్న రసీదు పుస్తకం పెట్టండి, ఇంట్లో ఎన్ని క్యాన్లున్నాయో అందులోనే రాయండి. పన్ను గురించి కొందరు టెన్షన్ పడతారు. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం సెక్షన్ 2(31) ప్రకారం తిరిగివ్వాల్సిన డిపాజిట్ అమ్మకం సొమ్ము కాదు. క్యాన్ రాలేదని ఆ డబ్బును ధర కింద సర్దుకుంటే మాత్రం లెక్కలోకి వస్తుంది.

క్యాన్లు భంగార్ (తుక్కు కొనే) కొట్లో తేలుతున్నాయి

డిపాజిట్ కంటే తుక్కు ధర ఎక్కువగా ఉంటే ఏ పాత్రా ఇంటికి రాదు. స్టీలు పీపాల్లో బీరు పంపే కంపెనీలకూ ఇదే తలనొప్పి. భంగార్ వాళ్లకు మీ పేరున్న క్యాన్ చూపించి, తుక్కు ధరకు పదో ఇరవయ్యో ఎక్కువిచ్చి కొంటామని చెప్పండి. కానీ ఒకే మనిషి పదేపదే పది, పదిహేను చొప్పున తెస్తుంటే కొనడం ఆపి, అవి ఏ వీధివో మీ రసీదు పుస్తకంతో పోల్చి చూడండి.