రేగడి బురదలో ఫోర్ వీల్ డ్రైవ్ ఎలా వాడాలి?

వానాకాలంలో పరకాల వైపు పత్తి చేన్ల బాటలు పైకి ఆరినట్టే కనిపిస్తాయి. చక్రం పడగానే రేగడి మట్టి గాట్లలో నిండిపోయి కొత్త టైరు కూడా గుండు టైరైపోతుంది. నాలుగు చక్రాలూ లాగే బండి ఉండి కూడా ఒకసారి అలాగే దిగబడి, ట్రాక్టరు కోసం గంటన్నర ఎదురుచూశాను. నాలుగు చక్రాలూ కలిసి లాగేలా చేసే లాక్‌ను బురదలోకి దిగకముందే వేయాలి, నేను దిగబడ్డాక వేశాను మరి.

ముందు మీ బండి ఏ రకమో చూసుకోండి. మారుతి జిమ్నీలో లాగా గేర్ రాడ్ పక్కన 2హెచ్ (రెండు చక్రాలే లాగేది), 4హెచ్ (నాలుగూ లాగేది), 4ఎల్ (నాలుగూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో లాగేది) అని ఇంకో లివర్ ఉంటే అది పార్ట్ టైమ్ రకం, అంటే మీరు వేసినప్పుడే నాలుగు చక్రాలూ లాగుతాయి. 4హెచ్ వేస్తే చక్రాలకు బలం చేరవేసే ముందు, వెనుక షాఫ్టులు జోడెద్దుల్లా ఒకే వేగంతో కదలాల్సిందే. దీన్ని సగం సగం పంపకం అంటారు కానీ, నిజానికి ఎటు పట్టు దొరికితే టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) అటే ఎక్కువ పోతుంది. ముందు చక్రాలు నూనె లాంటి బురదలో ఉంటే దాదాపు అంతా వెనక్కే.

రెనో డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్ కారులో లాగా ఆటో, లాక్ అని నాబ్ ఉంటే కథ వేరు. ఆటోలో మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. అవి జారితే కంప్యూటర్ పసిగట్టి వెనుక యాక్సిల్ (ఇరుసు) వైపు క్లచ్ ప్లేట్లను నొక్కిస్తుంది. ఎంత గట్టిగా నొక్కితే అంత టార్క్ వెనక్కి. రేగడిలో ఆ కాస్త జారుడే కొంప ముంచుతుంది.

అందుకే బురదకు పది గజాల ముందే ఆగి 4హెచ్ లేదా లాక్ వేయండి. 4ఎల్ కావాలంటే బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేశాకే. తర్వాత ఒకే తీరుగా, ఆగకుండా పోనివ్వండి. చక్రాలు ఊరికే తిరుగుతుంటే యాక్సిలరేటర్ తొక్కొద్దు. ఆటో రకంలో క్లచ్ ప్లేట్లు వేడెక్కితే వెనక్కి టార్క్ ఆగిపోతుంది.

తారు రోడ్డు ఎక్కగానే లివర్ 2హెచ్‌కి మార్చండి. మలుపులో ముందు చక్రాలు వెనుక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలో టైరు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి స్టీరింగ్ బరువెక్కుతుంది, షాఫ్టులు మెలిపడినట్టు బిగుసుకుంటాయి. లివర్ రాకపోతే బలంగా గుంజొద్దు. నాలుగడుగులు తిన్నగా రివర్స్ చేయండి, బిగువు వదిలి దానంతటదే వస్తుంది.