సొర, బీర పాదుల్లో పిందె నిలవడం లేదా?

పిందె రాలుతోందని ఎరువు కుమ్మరించే ముందు, రాలిన పిందెను చేతిలోకి తీసుకుని చూడండి. సగం కారణం అక్కడే దొరుకుతుంది.

అన్నీ మగపూలే

పువ్వు కింద బుల్లి కాయ ఉంటే ఆడపువ్వు, ఉత్త కాడ ఉంటే మగపువ్వు. ముందు మగపూలు రావడం సహజం, రెండు వారాలు ఆగండి. అప్పటికీ ఆడపూలు లేక, ఆకులు ముదురాకుపచ్చగా తీగ ఏపుగా పోతుంటే నత్రజని ఎక్కువైందన్నమాట. యూరియా, పేడనీళ్లు ఆపేయండి. సొరకు పక్క కొమ్మల మీదే ఆడపూలు ఎక్కువ, అందుకే తీగ పందిరి ఎక్కగానే తల తుంచాలి. ఈసారి విత్తినప్పుడు రెండు నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేయండి.

పిందె పసుపు తిరిగి రాలడం

గాటేమీ లేకుండా బొటనవేలంత పిందె ఎండిపోతే పుప్పొడి అందలేదు. మిద్దెతోటల్లో ఎక్కువగా జరిగేది ఇదే. చేత్తో పరాగసంపర్కం చేస్తున్నా నిలవడం లేదంటే, మీరు చేసే వేళ తప్పు. గుమ్మడి, జుకినీ తెల్లవారుజామున విచ్చుకుంటాయి కాబట్టి వాటికి పొద్దున తొమ్మిదిలోపు చేయాలి. బీర, సొర పూలు విచ్చేది సాయంత్రం. పొద్దున్నే దూదిపుల్ల పట్టుకుని వెళితే వాడిన పువ్వే దొరుకుతుంది.

సాయంత్రం ఆరు, ఏడున్నర మధ్య అప్పుడే విచ్చిన మగపువ్వు కోయండి. వేలితో తాకితే పసుపు పొడి అంటాలి, అంటకపోతే ఇంకో పువ్వు చూడండి. రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలోని జిగట ముద్దకు అన్ని వైపులా మెల్లగా రాయండి. ఒకవైపే రాస్తే కాయ వంకర పోతుంది. ఒక మగపువ్వు రెండు ఆడపూలకు సరిపోతుంది. వాన వచ్చేలా ఉంటే, ఆ రోజు విచ్చబోయే మగమొగ్గల్ని మధ్యాహ్నమే కాడతో కోసి గ్లాసు నీళ్లలో పెట్టండి, ఇంట్లోనే విచ్చుకుంటాయి. తడిసిన పుప్పొడి పనికిరాదు. పిందె నిలిచిందీ లేనిదీ మూడు నాలుగు రోజుల్లో తెలుస్తుంది.

సూది గుచ్చినట్టు చుక్క, జిగురు బొట్టు

ఇది పండు ఈగ. కోసి చూస్తే తెల్ల పురుగులుంటాయి. పండు ఈగ బుట్టల్లో పెట్టే క్యూల్యూర్ ఎర మగ ఈగలనే పట్టుకుంటుంది, గుడ్లు పెట్టే ఆడ ఈగ తప్పించుకుంటుంది. అందుకే పరాగసంపర్కం చేసిన మర్నాడే పిందెకు పలుచని గుడ్డ సంచి తొడగండి. రాలిన కాయల్ని కంపోస్టులో వేయకండి. ప్లాస్టిక్ కవర్‌లో బిగించి కట్టి, వారం రోజులు ఎండలో పడేస్తే పురుగు చస్తుంది.

కాయ దిగి, ఎదుగుదల ఆగితే

కుండీ చిన్నదై ఉంటుంది. పాదుకు కనీసం 18 అంగుళాల గ్రో బ్యాగ్ కావాలి, అందులో ఒక్క మొక్కే ఉంచండి. ఎండాకాలం రెండు పూటలా నీళ్లు పోయాలి. ముదిరిన కాయ తీగకు వేలాడుతుంటే కొత్త పిందెలు తగ్గిపోతాయి, విత్తనానికి ఒక్కటి వదలాలనుకుంటే కాపు చివర్లో వదలండి.