తూటాలు నింపే ముందు కాటా సంగతి చూసుకోండి

మా మేనల్లుడు డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, తూటాలు ఇంట్లోనే నింపుకుందామనుకుంటున్నా. కొన్న సామాను జాబితా పంపించా, చూడు." గుంటూరు పట్నంబజారులో బంగారం కాటాలు బాగుచేసుకునే నాకు తుపాకులతో ఏం పని అనుకున్నా. తీరా చూస్తే తూటాలు బిగించే చేతిమర, అంటే ప్రెస్‌కి మూడొందల డాలర్లు, కాటాకి ఇరవై. లెక్క తలకిందులైంది.

ముందు ఇక్కడి మాట. మన దేశంలో ఈ పని ఇంట్లో చేసే ఆలోచనే పెట్టుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం కింద తూటాల తయారీకి విడిగా లైసెన్సు కావాలి, తుపాకీ లైసెన్సు ఉంటే సరిపోదు. చట్టం చెప్పే మందుగుండులో తూటాల విడిభాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ కూడా ఉన్నాయి. కాబట్టి సంక్రాంతికి వస్తూ పాత ప్రెస్ పట్టుకొచ్చినా చిక్కే. షూటింగ్ రేంజికి వాడే బ్యాగును ఊరి ప్రయాణానికి వాడొద్దు. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా చాలు, గన్నవరంలో దిగాక పండగ పోలీస్ స్టేషన్లో చేసుకోవడానికి.

అమెరికాలో ఉన్న మన పిల్లలందరికీ కూడా ఇది కుదరదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోవడమే అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, అవి లాయరును అడిగి తేల్చుకోవాలి. మావాడికి గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టే ఈ మాటలు.

ఇక కాటా. తూటాలో పోసే పేలుడు మందును వాళ్లు గ్రెయిన్లలో తూస్తారు. పౌండుకు 7000 గ్రెయిన్లు. మన గురివింద గింజ ఎత్తు సుమారు రెండు గ్రెయిన్లు. చిన్న పిస్టల్ తూటాలో పడే మందు రెండు మూడు గురివింద గింజలంతే, అందులో అర గ్రెయిన్ తేడా అంటే పదో వంతు తేడా! వంటింటి కాటా ఒక గ్రాము దగ్గర ఆగిపోతుంది, అది పదిహేను గ్రెయిన్లు. పది మిల్లీగ్రాములు చూపే బంగారం కాటా కూడా ఈ పనికి మొరటే. పదో వంతు గ్రెయిన్, అంటే ఆరున్నర మిల్లీగ్రాములు, నమ్మకంగా చూపేదే కొనాలి. దాంతోపాటు సరిచూసుకునే తూకపు రాళ్లు తప్పనిసరి. మా బజారు కాటాలకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడుతుంది, గ్యారేజీ కాటాను అడిగేవాడు ఎవడు? స్విచ్ వేసి కాసేపు ఆగండి. ఫ్యాను గాలి, హీటరు గాలి తగలనివ్వొద్దు. కంసాలి కాటాకు అద్దాల పెట్టె ఊరికే పెట్టలేదు. సెల్‌ఫోన్ దూరంగా ఉండాలి. తూకానికి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి రాయి పెట్టి చూడండి.

ప్రెస్ మాటకొస్తే, మొదటిసారికి ఒక లాగుడుకి ఒకే పని చేసే పోత ఇనుప ప్రెస్ చాలు. గంటకు వందలు నింపే ప్రోగ్రెసివ్ రకం చెయ్యి కుదిరాక. ప్రెస్ సెకండ్‌హ్యాండ్‌ది కొన్నా నష్టం లేదు, తుప్పు పట్టిన డైలు, అంటే ప్రెస్‌లో బిగించే అచ్చులు, వద్దు. మూత తీసిన మందు డబ్బా ఎవరు ఊరికే ఇస్తానన్నా వద్దు, అందులో ఏముందో మీకేం తెలుసు?

బల్ల మీద ఒకే మందు డబ్బా ఉండాలి. పని అయ్యాక మిగిలింది అదే డబ్బాలో పొయ్యాలి. కొలత తయారీదారు పుస్తకంలోది, అదీ మొదలుపెట్టమన్న తక్కువ అంకె నుంచే. మందు పోసిన కేసులన్నీ, అంటే తూటా గొట్టాలన్నీ, చెక్క ట్రేలో వరసగా నిలబెట్టి, గుండు బిగించకముందే టార్చి వేసి ఒక్కొక్కటీ చూడాలి. రెండుసార్లు పడితే తుపాకీ పగులుతుంది. అసలు పడకపోతే ప్రైమర్, అంటే మందును అంటించే అడుగు బిళ్ల, దాని దెబ్బకే గుండు గొట్టంలో ఇరుక్కుంటుంది, ఆ సంగతి తెలియక మళ్లీ పేల్చినా పగిలేదే. ఫోన్ మోగి మధ్యలో లేచారా, ఆ ట్రే అంతా మళ్లీ మొదటినుంచి.

ప్రైమర్లు కొన్న పెట్టెలోనే ఉంచండి, కంటికి అద్దాలు పెట్టుకోండి. సీసం చేతికంటుతుంది, కడుక్కోకుండా తినొద్దు. విలువైనదేదైనా బీరువాలో దాచడం మన అలవాటు. మందుకు మాత్రం బీరువా వద్దు. గట్టిగా మూసిన ఇనుప పెట్టెలో అంటుకుంటే అదే బాంబవుతుంది. పిల్లలకందకుండా తాళమేసిన చెక్క అల్మరా మేలు.

మొన్న మళ్లీ చేశాడు. తూకపు రాళ్లు వచ్చాయట. ఇరవై డాలర్ల కాటా మీద ఒకే రాయి మూడుసార్లు పెడితే మూడు లెక్కలు చూపించిందట. ప్రెస్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.