గిడ్రా ఇన్‌స్టాల్ చేసే ముందు జాగ్రత్తలు

• మాల్వేర్ లాంటి ప్రోగ్రాముల లోపల ఏముందో విప్పి చూపే గిడ్రాను అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2019లో బయటపెట్టింది. ఈ టూల్‌ని అధికారిక గిట్‌హబ్ పేజీ నుంచే దించుకోండి. అక్కడిచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువను (ఫైల్ మారలేదని తేల్చే గుర్తు) మీ ఫైల్‌తో పూర్తిగా సరిచూడండి. చివరి నాలుగు అక్షరాలు కలిశాయని వదిలేయొద్దు.

• డీబగ్ మోడ్ (లోపాలు వెతికే అమరిక) అవసరం లేకుంటే ముట్టుకోకండి. తొలి విడుదలలో అది 18001 పోర్టును (కంప్యూటర్‌లోకి వచ్చే నెట్‌వర్క్ దారి) నెట్‌వర్క్ మొత్తానికీ తెరిచిపెట్టింది. బయటివాళ్లు దాన్ని పట్టేశారు. కుట్ర కాదు, ఏమరుపాటనే నా అభిప్రాయం.

• ఎన్‌ఎస్‌ఏ ముందుకు తెచ్చిన ఎన్‌క్రిప్షన్ ప్రమాణాలైతే ఇంకాస్త అనుమానించండి. 2014లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ సిఫారసుల్లోంచి తీసేసిన డ్యూయల్ ఈసీ డీఆర్‌బీజీలో (యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే పద్ధతి) దొంగదారి ఉందన్న అనుమానమంతా ముందే ఎంచిపెట్టిన స్థిరాంకాల మీదే. కోడ్ ఎంత చదివినా అది దొరకదు.

• ఎస్‌ఈలైనక్స్ (లైనక్స్‌కి అదనపు భద్రతా పొర) కూడా ఎన్‌ఎస్‌ఏ మొదలుపెట్టిందే. ఆండ్రాయిడ్ ఫోన్లో ఉంది కూడా (భయపడి ఆపేయకండి, నష్టం మీకే).

• మాల్వేర్ ఫైళ్లను విడిగా వర్చువల్ మెషీన్లో (కంప్యూటర్ లోపలే వేరుగా నడిచే కంప్యూటర్ లాంటిది), నెట్ తీసేసి తెరవండి.