నెలల తరబడి నిలబెట్టిన కార్బురేటర్ బండి స్టార్ట్ కాకపోతే

ఊళ్లో నాన్న స్ప్లెండర్ వసారాలో కవర్ కిందే ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు తీస్తాం, మళ్లీ దసరాకే. మొదటి రెండేళ్లూ పండగ పూట చెమటలు కారేలా కిక్ కొట్టి, చివరికి మెకానిక్‌ను బతిమాలి తెచ్చుకున్నాం. ఆయన ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ మార్చారు, దానికి కరెంటు పంపే కాయిల్ మార్చారు. అసలు తప్పు కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కు పంపేది) బౌల్‌లో, అంటే దాని అడుగున పెట్రోల్ నిలిచే చిన్న గిన్నెలో, మురిగిన గుప్పెడు పెట్రోల్‌ది. అందుకే చెబుతున్నాను, కిక్ మీద బలం చూపించే ముందు ప్లగ్ విప్పి చూడండి. తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నదే తర్వాత ఎటు వెళ్లాలో చెబుతుంది.

సెల్ఫ్ నొక్కితే టక్ టక్‌మని ఆగిపోతోంది

బ్యాటరీ డౌన్ అయింది. ఛార్జింగ్ పెట్టించండి. పాత స్ప్లెండర్ లాంటి బండ్లలో ప్లగ్‌కు కరెంటు, ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ నుంచే వస్తుంది కాబట్టి బ్యాటరీ చచ్చినా కిక్‌తో స్టార్ట్ అవుతాయి. కొన్ని బండ్లకు మాత్రం కిక్ కొట్టినా బ్యాటరీలో ప్రాణం ఉండాల్సిందే.

పది కిక్‌లు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు, ప్లగ్ పొడిగా ఉంది

పెట్రోల్ ఇంజిన్‌లోకి దిగడం లేదు. ట్యాంకు కిందున్న పెట్రోల్ ట్యాప్ ఆన్‌లో ఉందా? రిజర్వ్‌కు తిప్పి చూశారా? అయినా అంతే అయితే బౌల్ సంగతి చూడాలి.

ట్యాప్ ఆఫ్ చేసి, బౌల్ అడుగునున్న డ్రెయిన్ స్క్రూను నెమ్మదిగా వదులు చేయండి. కింద గాజు సీసా పెట్టండి. ఆరుబయట చేయండి, దగ్గర్లో సిగరెట్, పొయ్యి, దీపం ఉండకూడదు. వచ్చిన పెట్రోల్‌ను వెలుతురుకు పట్టి చూడండి. మాది తేనె రంగుకు తిరిగి, పాత పెయింట్ డబ్బా మూత తీసినట్టు ఘాటుగా వాసన కొట్టింది. సీసా అడుగున రెండు నీటి బొట్లు విడిగా దొర్లుతున్నాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమను లాగేసుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్లు విడిపోయి అడుక్కి దిగుతాయి.

బౌల్ ఖాళీ అయ్యాక ట్యాప్ ఒక్క క్షణం తెరిచి కొంచెం పెట్రోల్‌తో కడిగేయండి. స్క్రూ బిగించండి. ట్యాంకులో ఉన్నదీ పాతదే అయితే దాన్నీ తీసేసి కొత్తది పోయండి. నా అనుభవంలో సగం గొడవ ఇక్కడే తీరిపోతుంది.

చోక్ వేస్తే స్టార్ట్ అవుతోంది, తీస్తే ఆగిపోతోంది

ఇది పైలట్ జెట్ మూసుకుపోయిన లక్షణం. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఉన్నప్పుడు, ఇంజిన్‌కు పెట్రోల్ అందించేది ఈ జెట్టే. దాని రంధ్రం వెంట్రుక సందంత ఉంటుంది. నిలవున్న పెట్రోల్ ఆవిరైపోయి జిగురు మిగిలితే ముందు పూడేది ఇదే. చోక్ వేసినప్పుడు గాలి తగ్గి పెట్రోల్ గట్టిగా లాగుతుంది కనుక బండి నడుస్తుంది, తీయగానే ఆకలికి పడిపోతుంది.

బౌల్ విప్పి, జెట్‌ను సరిపోయే స్క్రూడ్రైవర్‌తో తీయండి. ఇత్తడిది కాబట్టి వదులు స్క్రూడ్రైవర్ పెడితే గాడి అరిగిపోతుంది. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి ఊది, ఆకాశం వైపు పట్టి చూడండి. గుండ్రంగా వెలుగు చుక్క కనిపిస్తే శుభ్రమైనట్టే. కనిపించకపోతే కరెంటు వైరులోని సన్నని రాగి పోగు ఒక్కటి దూర్చండి. సూది, స్టీలు తీగ వద్దు. రంధ్రం పెద్దదైతే మైలేజీ పోయినట్టే. ఎయిర్ స్క్రూ (ఐడిల్‌లో గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసేది) తీయాల్సి వస్తే ముందు దాన్ని ఆగేదాకా మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు ఆగేదాకా మెల్లగా లోపలికి తిప్పి, అన్నే చుట్లు వెనక్కి తిప్పాలి.

ప్లగ్ తడిగా ఉంది, పెట్రోల్ వాసన గుప్పుమంటోంది

ఓవర్ అయింది, అంటే ఇంజిన్‌లోకి పెట్రోల్ ఎక్కువ దిగింది. ట్యాప్, చోక్, ఇగ్నిషన్ మూడూ ఆఫ్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని అయిదారు కిక్‌లు కొట్టండి. ప్లగ్ తుడిచి ఆరబెట్టి బిగించండి. అప్పటికీ స్టార్ట్ కాకపోతే ప్లగ్ మార్చి చూడండి, దాని ధర పెద్దదేం కాదు. బౌల్ పైపులోంచి పెట్రోల్ కారుతూనే ఉంటే బౌల్ నిండగానే పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ నీడిల్ అతుక్కుపోయిందని అర్థం. స్క్రూడ్రైవర్ పిడితో బౌల్‌ను మెల్లగా రెండుసార్లు తట్టండి, తరచూ అంతటితో ఆగుతుంది. ఆగకపోతే బండి స్టార్ట్ చేయకండి.

స్టార్ట్ అయ్యాక అయిదు నిమిషాలకు ఆగిపోతోంది

ట్యాంకు మూత తెరిచి చూడండి. సుయ్‌మని గాలి లోపలికి పోతే మూతకున్న గాలి రంధ్రం పూడిపోయింది. శుభ్రం చేస్తే చాలు.

ఇక తిరిగి వచ్చే రోజు మేం చేసేది ఒకటుంది. పెట్రోల్ ట్యాప్ ఆఫ్ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా ఆరుబయట వదిలేస్తాం, బౌల్ దాదాపు ఖాళీ అవుతుంది. బ్యాటరీ మైనస్ తీగ విప్పుతాం. పోయినేడాది అలా పెట్టి వచ్చిన బండిని నాన్న మూడో కిక్‌కే స్టార్ట్ చేసుకుని పాలకేంద్రానికి వెళ్లొచ్చారు.