తెలుగుతో దారికొచ్చిన జపనీస్ వ్యాకరణం

జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయికి చదువుతుంటే ఉద్దేశాలు చెప్పే వాక్యాల దగ్గరే నా బండి ఆగిపోయేది. ఇంగ్లీషు అర్థాల్లో అన్నీ ఒకేలా కనిపించేవి. ఇంగ్లీషు పక్కనపెట్టి నేరుగా తెలుగులోంచి చూశాక ముడి వీడింది.

‘ఇకో తో ఒమొత్తె ఇమాసు’ చూడండి. ఇకో అంటే వెళ్దాం, తో అంటే అని, ఒమొత్తె ఇమాసు అంటే అనుకుంటున్నాను. వరసకి వరస మన ‘వెళ్దామని అనుకుంటున్నాను’! ఎంత ముచ్చటేసిందో.

గట్టిగా నిర్ణయించుకుంటే ‘ఇకు త్సుమోరి దెసు’ (వెళ్లే ఉద్దేశం ఉంది), తేదీ ఖాయమైతే ‘ఇకు యోతెయ్ దెసు’ (వెళ్లే ప్లాన్ ఉంది).

‘ఇకితాయ్’ (వెళ్లాలనుంది) మాత్రం నా కోరికకే. తమ్ముడికి వెళ్లాలనుంటే ‘ఇకితగత్తె ఇమాసు’ అనాలి. అవతలివాళ్ల మనసు మనకు పైకి కనిపించినంతే కదా. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. టీచర్‌గారి విషయంలో అదీ మర్యాద కాదు, ‘ఇకితాయ్ తో ఒష్షత్తె ఇమాసు’, అంటే వెళ్లాలనుందని అంటున్నారు అనాలి.